పది రోజులకని రాసిన మాత్ర

మోకాలి ఆపరేషన్ అయ్యాక నిద్ర పట్టడం లేదంటే డాక్టరుగారు ఒక చిన్న మాత్ర రాశారు. ఆల్‌ప్రజోలామ్, 0.5 మిల్లీగ్రాములు, పది రోజులకని. నేను ఆరేళ్లు వేసుకున్నాను.

ఇందులో ఆయన తప్పెంత, నా తప్పెంత అని లెక్కలు వేసుకున్న రాత్రులు చాలానే ఉన్నాయి. ఆపేయమని ఆయన గట్టిగా చెప్పలేదు. నేనూ అడగలేదు. చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని, అదే చూపించి కొనుక్కుంటూ పోయాను. అలవాటు పడ్డానన్న ఆలోచనే రాలేదు. అలవాటంటే తాగుడు, సిగరెట్టు. నాది మందు కదా! మన భాషలో రెండింటికీ ఒకటే మాటన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

ఒక రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేచి, తలుపు చెక్కకి గుద్దుకుని పడ్డాను. ఎముక విరగలేదు గానీ భుజం నల్లగా కమిలిపోయింది. పొద్దున మా ఆవిడ "రాత్రి ఎలా పడ్డారండీ?" అంటే చెప్పలేకపోయాను. పడ్డ సంగతే సరిగ్గా గుర్తులేదు. అది నన్ను దెబ్బకంటే ఎక్కువ భయపెట్టింది.

ఆ భయంలో ఉండగానే ఆవిడ నన్ను పెద్దవాళ్ల ఆరోగ్యం క్లాసులకి లాక్కెళ్లింది. వారానికొకటి చొప్పున ఆరు. యోగాసనాలు, ఆకుకూరలు తినండి అని చెబుతారనుకుని వెళ్లాను. చెప్పే ఆవిడ రిటైరైన నర్సు. రెండో వారం అందరినీ ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మన్నారు. అన్నీ అంటే అన్నీ, జలుబు మాత్రలు, దగ్గు సిరప్పులు, ఎవరో ఇస్తే దాచుకున్నవి కూడా. నా సంచిలోంచి పదకొండు రకాలు బయటికొచ్చాయి. రోజూ వేసుకునే నాలుగూ తప్ప మిగతావి ఎందుకున్నాయో నాకే తెలియదు.

ఆవిడ ఒక స్ట్రిప్ తీసి వెనక్కి తిప్పి చదివారు. ముక్కు కారితే రాత్రి పూట వేసుకునే మాత్ర. ఏడాదిగా ఇంచుమించు రోజూ వేసుకుంటున్నాను, దాంతో మత్తు బాగా వస్తుందని. "దీనివల్ల నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, మగవాళ్లకి మూత్రం సరిగ్గా రాదు. మీకేమైనా ఇబ్బందులున్నాయా సార్?" అన్నారు. నేను మాట్లాడకుండా సంచిలోంచి విరోచనం అవ్వడానికి తాగే మందు సీసా తీసి బల్ల మీద పెట్టాను. గది గదంతా నవ్వింది. ఒక మాత్ర తెచ్చిపెట్టిన బాధకి ఇంకో మందు వాడుతున్నానన్నమాట.

మూడో వారం గ్లాసులు, రంగు నీళ్లు పెట్టారు. "ఇంట్లో మీరు ఒక పెగ్గు పోసుకుంటే ఎంత పోసుకుంటారో అంతే పోయండి" అన్నారు. నేను శనివారం రాత్రి ఒక్కటే తీసుకునేవాణ్ణి, అదీ చిన్నప్పటి స్నేహితుడితో. ధైర్యంగా పోశాను. కొలపాత్రలో పోసి చూస్తే 90 మిల్లీలీటర్లు. నలభై శాతం ఆల్కహాల్ ఉండే మద్యం 30 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నా 'ఒక్కటి' నిజానికి మూడు. పైగా వయసు పెరిగేకొద్దీ ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి, ముప్పైల్లో తాగినంతే ఇప్పుడు తాగినా రక్తంలో ఆల్కహాల్ శాతం ఎక్కువగా ఉంటుందట. దాని మీద నేను ఆ నిద్ర మాత్ర కూడా వేసుకుని పడుకునేవాణ్ణి. రెండూ మెదడునీ ఊపిరినీ మందగింపజేసేవే. ఆ మాట విన్నాక శనివారాలు మానడానికి నాకు పెద్ద కష్టం కాలేదు. మాత్రే వదల్లేదు.

వృద్ధులకి మంచివి కాని మందుల జాబితా ఒకటుంది, 1991లో మార్క్ బీర్స్ అనే డాక్టరు మొదలుపెట్టారు. 65 దాటినవాళ్లు వీలైనంతవరకు దూరంగా ఉండాల్సినవాటిలో నా మాత్ర జాతి మొత్తం ఉంది. అది వయసులో ఉన్నవాళ్ల రక్తంలో సగానికి తగ్గడానికి 11 గంటలు పడితే, ముసలివాళ్లలో 16 గంటలు పడుతుంది. పొద్దున పదింటికి కూడా నాకు తల బరువుగా ఎందుకుండేదో అప్పుడు అర్థమైంది. నేనేమో దాన్ని వయసు మీద తోసేశాను.

ఆ ఊపులో ఇంటికొచ్చి మాత్రలన్నీ పారేద్దామనుకున్నాను. నర్సుగారు ముందే హెచ్చరించారు కాబట్టి బతికిపోయాను. ఇన్నేళ్లు వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు దగ్గర కూర్చుని, మెల్లగా దిగాలి.

కొత్త డాక్టరమ్మ 0.25 మాత్రలు రెండు చొప్పున రాసి, "ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయండి. ఇప్పుడు రాత్రికి ఎనిమిది ముక్కలు. మూడు వారాలకొక ముక్క తగ్గిద్దాం" అంది. వినడానికి పిల్లల ఆటలా ఉంది. ఇంటికొచ్చి బ్లేడుతో కోస్తే మాత్ర పిండైపోయింది. మా అమ్మాయి మాత్రలు కోసే చిన్న డబ్బా తెచ్చింది. మూత నొక్కగానే టక్‌మని రెండవుతుంది. నాలుగు చేసేటప్పుడు మాత్రం ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది. రాత్రి పూట అద్దాలు పెట్టుకుని, ఈ రోజు పెద్ద ముక్క తీసుకోనా, చిన్నదా అని చూసుకున్న రోజులున్నాయి. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ ఆ చూపే నాకు నా పరిస్థితి చెప్పింది.

మొదటి మూడు మెట్లు బాగానే దిగాను. నాలుగోది దిగినప్పుడు వరసగా ఆరు రాత్రులు నిద్ర లేదు. చెమటలు, గుండె దడ, గిన్నె చప్పుడైనా ఉలిక్కిపాటు. మా ఆవిడ మీద ఊరికే విసుక్కున్నాను. ఏడో రాత్రి కళ్లజోడు పెట్టెలో దాచిన పాత స్ట్రిప్ తీసి ఒక మాత్ర మొత్తం మింగేశాను. అవును, దాచాను. మానేద్దామని బయలుదేరిన రోజే దాచాను.

డాక్టరమ్మకి చెప్పకుండా ఉందామనుకున్నాను. మా ఆవిడే నా ముందు కూర్చుని, "ఏమండీ, మీ నోటితో మీరు చెబుతారా, నేను చెప్పనా?" అంది. చెప్పాను. డాక్టరమ్మ తిట్టలేదు. "పాత మెట్టుకి వెళ్లి అక్కడే నిలబడండి. మొదటికి రానక్కర్లేదు" అంది. నెల రోజులు ఐదు ముక్కల దగ్గరే ఉన్నాను.

చివరి మెట్లు ఎందుకంత కష్టమో లెక్క వేస్తే తెలుస్తుంది. ఎనిమిదిలో ఒకటి తీస్తే ఎనిమిదో వంతు తగ్గినట్టు. రెండులో ఒకటి తీస్తే సగం పోయినట్టు. అందుకని ఆఖరి రెండు మెట్లకీ ఐదేసి వారాలు ఇచ్చారు.

మాత్ర తగ్గుతుంటే ఆ చోట్లో ఏదో ఒకటి ఉండాలి కదా. నిద్ర డైరీ రాయమన్నారు. చూస్తే మంచం మీద తొమ్మిది గంటలు, నిద్ర ఐదున్నర. మిగతాదంతా దొర్లడమే. దాంతో రాత్రి పన్నెండుకి ముందు మంచం ఎక్కొద్దు, పొద్దున ఆరింటికి లేచెయ్యాలి, పగలు కునుకు వద్దు, మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు అన్నారు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి వేరే గదిలో కూర్చోవాలి. గడియారం చూడకుండా! గోడ గడియారాన్ని తిప్పి పెట్టేశాను. పదింటి నుంచి పన్నెండు దాకా మెలకువగా ఉండటమంత కష్టం మాత్ర మానడంలో కూడా లేదు. కుర్చీలో తూలుతుంటే మా ఆవిడ తట్టి లేపేది, ఇన్నాళ్ల కసి తీర్చుకుంటున్నట్టు. రెండు వారాలకి ఐదున్నర గంటలు ఏకబిగిన నిద్ర వచ్చింది. అప్పట్నుంచి మంచం సమయాన్ని పావుగంట చొప్పున పెంచుకుంటూ వచ్చాం.

మొత్తం ఎనిమిది నెలలు పట్టింది.

ఈమధ్య శనివారం స్నేహితుడు ఫోన్ చేసి, "నిద్ర పట్టట్లేదురా, నీ దగ్గర ఆ మాత్రలు మిగిలుంటే నాలుగివ్వు" అన్నాడు. మిగిలినవి అప్పటికే డాక్టరమ్మకి అప్పజెప్పేశాను. అవేం లేవు గానీ, నీ మందులన్నీ సంచిలో వేసుకుని రారా అన్నాను. "నాకేంరా, నేను డాక్టరు రాసినవే వేసుకుంటాను" అన్నాడు. ఇంకా రాలేదు.

నాకు వారంలో ఒకటి రెండు రాత్రులు ఇప్పటికీ మూడింటికి మెలకువ వస్తుంది. వెళ్లి ముందు గదిలో కూర్చుంటాను. కాసేపటికి లోపల్నుంచి మా ఆవిడ గొంతు, "నిద్ర పట్టలేదా?" అని.

"పట్టింది. మెలకువ వచ్చిందంతే. నువ్వు పడుకో."