అటక మీది ఆటోప్రాసెసర్

ఆదివారం. పొద్దుటి నుంచీ సన్నగా వాన. బెంగళూరు మల్లేశ్వరం ఇంట్లో అటక దులుపుదామని ఎక్కితే, ఇత్తడి బిందెల వెనక ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో నాన్నగారి పోలరాయిడ్ ఆటోప్రాసెసర్, అంటే ఫొటో ఫిల్మ్‌ను ఇంట్లోనే కడిగే పెట్టె. దాంతోపాటు ఫిల్మ్ కడిగే మందు ప్యాకులు వాడనివి మూడు, స్లైడ్లు బిగించే ప్లాస్టిక్ ఫ్రేములు.

నాన్నగారు మెడికల్ కాలేజీలో తెర మీద ఫొటో స్లైడ్లు వేసి పాఠాలు చెప్పేవారు. అప్పట్లో స్లైడ్ ఫిల్మ్ ల్యాబుకిస్తే ఎప్పుడొస్తుందో తెలియదు. రేపు సదస్సంటే ఈ రాత్రంతా ఇంట్లో టెన్షన్. 1983లో అమ్మకానికొచ్చిన ఈ పెట్టె ఆ బెంగ తీర్చింది. మామూలు 35 ఎంఎం కెమెరాలోనే పోలరాయిడ్ వాళ్ల ఫిల్మ్ వేసి ఫొటోలు తీసేవారు. చీకటి గది అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. మా భోజనాల బల్ల మీదే పని అయిపోయేది. ప్రతి రోలుకూ దాని మందు ప్యాకు విడిగా ఉండేది. ఆ ప్యాకు లేకపోతే ఈ యంత్రం ఉత్త డబ్బానే.

రంగుల ఫిల్మ్ పేరు పోలాక్రోమ్. దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. వెలుగు వాటి గుండా రావాలి కాబట్టి తెర మీద బొమ్మ కాస్త మసకగా పడేది. గోరు తగిలితే ఫిల్మ్ గీసుకుపోయేది, అందుకే మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. నాకు మాత్రం ఆ మసక రంగులే ఇష్టం.

ఆ ఫిల్మ్ ఎప్పుడో ఆగిపోయింది. 2008లో పోలరాయిడ్ మిగతా ఇన్‌స్టంట్ ఫిల్మ్ తయారీ కూడా ఆపేస్తున్నట్టు చెప్పింది. మరి దీన్నేం చేయాలి? పాత సామాన్లతను తూకానికి అడిగాడు. నాకు మనసొప్పలేదు.

ముందు ప్యాకుల సంగతి చూశాను. లోపలి మందు ఘాటైన క్షారం, చర్మానికి తగిలితే కాలుతుంది. ఒక ప్యాకు మూల మరక కట్టింది. చేతికి గ్లౌజులు వేసుకుని మూడింటినీ గట్టి కవర్లో కట్టి, ప్రమాదకరమైన చెత్త అని రాసి విడిగా పెట్టాను. పొడి చెత్తలో వేస్తే ఏరేవాళ్ల చేతులు కాలతాయి కదా.

పెట్టెను కస్తూర్బా రోడ్డులోని ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ మ్యూజియం వాళ్లు తీసుకుంటారేమో అడగాలి. అయితే ఉత్త పెట్టె ఇస్తే ఎవరికేం అర్థమవుతుంది? నాన్నగారి పక్కన కూర్చుని, ఆయన చెబుతుంటే వాడే పద్ధతి రాసుకున్నాను.

"రోలు పెట్టు. ప్యాకు పెట్టు. రెండు కొసలూ తగిలించి మూత మూయి. మీట నొక్కి పిడి తిప్పు. ఆగు."

"ఎంతసేపు నాన్నా?"

"అరవై సెకన్లు. గడియారం చూసి అని కూడా రాయమ్మా. మనసులో లెక్కపెడితే తొందరపడతాం."

అలాగే రాసి, మూత లోపల అతికించాను.