డ్రిల్లు మాస్టారి నోట్‌బుక్కు, సిడ్నీలో మా టచ్ క్లబ్బు

నేను ఆటల గురించి రాస్తున్నానంటే మా బ్యాచ్ వాళ్ళు నవ్వుతారు. బడిలో ఉన్నన్నాళ్ళూ నేను ఏ జట్టులోనూ లేను. కబడ్డీ కోర్టు పక్కన అట్ట ఒళ్ళో పెట్టుకుని స్కోరు రాసేవాణ్ణి, అంతే. అలాంటివాణ్ణి ఇప్పుడు సిడ్నీ పడమటి శివార్లలో ఒక టచ్ ఫుట్‌బాల్ క్లబ్బుకి సెక్రటరీని. వచ్చే అయిదేళ్ళలో క్లబ్బు ఎలా పెరగాలో ప్రణాళిక రాసే పని కూడా నా నెత్తినే పడింది. బడి జ్ఞాపకాలు రాయమని మన పూర్వ విద్యార్థుల సంఘం సంచిక సంపాదకులు అడిగేసరికి నాకు ఇదే తోచింది. ఆ ప్రణాళికలో పనికొచ్చిన ముక్కలన్నీ మన డ్రిల్లు మాస్టారి దగ్గర చూసినవే మరి. ఆయన పేరు రాయక్కర్లేదు, ఈ సంచిక చదివేవాళ్ళందరికీ తెలుసు.

ముందు ఆట సంగతి చెప్పాలి. ఫుట్‌బాల్ అన్నారు కదా అని కాలితో తన్నే ఆట అనుకోకండి. ఇది రగ్బీలో ఒక రకమైన రగ్బీ లీగ్‌లోంచి పుట్టింది. 1960లలో సిడ్నీ రగ్బీ ఆటగాళ్ళు ప్రాక్టీసులో దెబ్బలు తగలకుండా, ఒకర్నొకరు పడగొట్టకుండా ఆడుకునేవారట. 1968లో సౌత్ సిడ్నీలో బాబ్ డైక్, రే వాడన్ అనే ఇద్దరు దాన్ని పద్ధతిగా ఒక పోటీగా మార్చారు. 1985లో అంతర్జాతీయ సమాఖ్య వచ్చింది. 1988లో గోల్డ్ కోస్ట్‌లో మొదటి ప్రపంచ కప్పు జరిగింది. మైదానం 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు. జట్టుకి ఆరుగురు. బంతిని చేత్తో పక్కకో వెనక్కో అందించుకుంటూ ముందుకి పరుగెత్తాలి. బంతి ఉన్నవాణ్ణి అవతలివాళ్ళు ఒక్క చేత్తో ముట్టుకుంటే చాలు, వాడు అక్కడే ఆగి బంతిని కాళ్ళ మధ్య పెట్టి వెనక్కి దొర్లించాలి. ఆరోసారి ముట్టుకుంటే బంతి వాళ్ళ చేతికి పోతుంది. చివరి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ఒక పాయింటు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి ఆడే మిక్స్‌డ్ పోటీలో ఒకేసారి ముగ్గురికి మించి మగవాళ్ళు మైదానంలో ఉండకూడదు.

ముట్టుకోవడం వరకూ కబడ్డీ ఆడినవాళ్ళకి కొత్తేమీ కాదు. తేడా అంతా ఆ తర్వాతే. ముట్టుకున్న జట్టు మొత్తం ఏడు మీటర్లు వెనక్కి పరుగెత్తాలి. ఇదివరకు అయిదు మీటర్లే, 2020 నాటి నిబంధనల్లో ఏడు చేశారు. మా క్లబ్బుకి కబడ్డీ బాగా ఆడిన తెలుగు కుర్రాడొకడు వచ్చాడు. బంతి పట్టుకుని ఎవరైనా పక్కనుంచి పోతే చాలు, వాడి చెయ్యి తనంతట తానే చీలమండ దగ్గరికి వెళ్ళిపోయేది. రెఫరీ విజిల్ ఊదడం, వాడు లేచి దణ్ణం పెట్టడం, మళ్ళీ అదే పట్టు. సీజన్ సగం గడిచాకగానీ వెనక్కి వెళ్ళడం అలవాటు కాలేదు. ఇప్పుడు మా డిఫెన్స్‌లో వాడే మేటి.

ఇక ప్రణాళిక. కమిటీ మొదటి మీటింగులోనే ప్రెసిడెంటు ఒక అంకె చెప్పేశాడు. ఇప్పుడున్న జట్లు అయిదేళ్ళలో రెట్టింపు కావాలన్నాడు. అందరూ బల్ల చరిచారు. నేను మాత్రం కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టాను. స్కోరు రాసిన చెయ్యి కదా, ఊరుకోదు.

రగ్బీ లీగ్ మైదానం గోల్ గీత నుంచి గోల్ గీత దాకా 100 మీటర్లు, వెడల్పు 68. దాన్ని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే రెండు టచ్ మైదానాలు దాదాపు సరిగ్గా కూర్చుంటాయి, పొడవులో రెండు మీటర్లు మాత్రమే తక్కువ. అలాంటివి రెండు ఉంటే నాలుగు టచ్ మైదానాలు. ఒక సాయంత్రం మూడు విడతలు నడిపితే పన్నెండు మ్యాచులు, అంటే ఇరవై నాలుగు జట్లు. అంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు మ్యాచికి ఇద్దరు రెఫరీలు చొప్పున వేయండి. ఒక్కొక్కరు రెండు మ్యాచులు చేసినా పన్నెండు మంది కావాలి, అదీ ప్రతి వారం, ఒకరికి జలుబు చెయ్యకుండా, ఇంకొకరి పిల్లకి పరీక్షలు లేకుండా. మా దగ్గర అంతమంది లేరు. ఆడతామనే జట్లు ఉన్నాయి, విజిల్ ఊదేవాళ్ళు లేరు. జట్లు రెట్టింపు చేస్తే రెఫరీ లేని మ్యాచులు రెట్టింపు అవుతాయి. ఆ మాట అన్నాక బల్ల చరిచిన చేతులు నెమ్మదిగా టీ కప్పుల మీదికి పోయాయి.

డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చింది అప్పుడే. ఆయన కబడ్డీ జట్టు గెలిచిందీ ఓడిందీ నాకు అంతగా జ్ఞాపకం లేదు. జ్ఞాపకం ఉన్నది తాడు. కోర్టు కొలతలకి ముళ్ళు వేసిన పొడవాటి తాడు ఒకటి ఆటసామాను గదిలో మేకుకి వేలాడుతుండేది. ఎక్కడెక్కడ గీత రావాలో అక్కడల్లా ఒక ముడి, మధ్య గీత దగ్గర మాత్రం రెండు. టేపు అక్కర్లేదు, మాస్టారూ అక్కర్లేదు. ఆరో తరగతి పిల్లలు తాడు పట్టుకుంటారు, ఏడో తరగతి వాళ్ళు సున్నం పోస్తారు. ఎనిమిదిలో స్కోరు, తొమ్మిదిలో లైను దగ్గర నిలబడటం, పదిలో విజిల్. జట్టులో చోటు దొరకనివాడు కూడా ఏదో ఒక పని మీద ఉండేవాడు. ప్రతి పనికీ కింది తరగతి నుంచి ఒకణ్ణి పక్కన నిలబెట్టేవారు, చూసి నేర్చుకోమని. నా పక్కన నిలబడ్డవాడు ఇప్పుడు జిల్లాలో పెద్ద ఆఫీసరు. వాడు స్కోరు తప్పు వేసేవాడని ఇక్కడ రాస్తే ఏమనుకుంటాడో, అయినా రాస్తున్నాను.

ఆయన దగ్గర నల్ల అట్ట నోట్‌బుక్కు ఒకటి ఉండేది. అందులో వచ్చే ఏడు ఎవరు ఏ పని చెయ్యాలో ఈ ఏడే రాసి ఉండేది. మేం తొమ్మిదిలో ఉండగా, ఏడాది మధ్యలో ఆయనకి బదిలీ అయింది. కొత్త మాస్టారు రావడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆటల పీరియడ్ ఒక్కరోజు కూడా ఆగలేదు. తాడు మేకుకి ఉంది, పేర్లు నోట్‌బుక్కులో ఉన్నాయి, పనులు పిల్లలకి వచ్చు. పొద్దున సున్నం గీతలు పడుతూనే ఉన్నాయి. హెడ్మాస్టరుగారు వరండాలోంచి చూసి ఎవర్నీ ఏమీ అనలేదు.

అందుకని మా ప్రణాళికలో మొదటి ఏడాది కొత్త జట్లు లేవు. ప్రెసిడెంటుకి ఇది మింగుడుపడటానికి టైం పట్టింది. ఆ ఏడాదంతా ఒకటే పని, ప్రతి బాధ్యతకీ రెండో మనిషి. ఏ జట్టు ఎవరితో ఎప్పుడు ఆడాలో ఆ డ్రా వేసేవాళ్ళు, రిజిస్ట్రేషన్లు చూసేవాళ్ళు, లైట్ల తాళం ఉన్నవాళ్ళు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె చూసేవాళ్ళు, కౌన్సిల్‌తో, అంటే ఇక్కడి మునిసిపాలిటీతో, ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవాళ్ళు. ప్రతి పనికీ ఒక పేజీ రాయించాం. ఆ పేజీ చదివి కొత్తవాళ్ళు ఒక సాయంత్రం నడపగలగాలి, అదీ పరీక్ష. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం చట్టం ప్రకారం క్లబ్బు కమిటీలో ముగ్గురుంటే చాలు. నిజానికి చాలా క్లబ్బులు ఆ ముగ్గురి మీదే బండి లాగిస్తాయి. ముగ్గురిలో ఒకరు ఇల్లు మారితే రెండో సీజన్‌కి క్లబ్బు ఉండదు. ఇలా ఆగిపోయిన క్లబ్బులు మా చుట్టుపక్కలే ఉన్నాయి. (మన పూర్వ విద్యార్థుల సంఘం వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ ఒక్కడేనని నాకు తెలుసు. ఊరికే గుర్తుచేస్తున్నాను.)

జట్లదీ అదే కథ. కమ్యూనిటీ టచ్‌లో ప్రతి జట్టూ ఒక్క మనిషి మీద నిలబడి ఉంటుంది. ఫీజు వసూలు చేసేదీ, బుధవారం మధ్యాహ్నం 'ఎవరెవరు వస్తున్నారు' అని మెసేజ్ పెట్టేదీ, ఆడవాళ్ళు తక్కువైతే ఆఫీసులో ఎవర్నో బతిమాలి తెచ్చేదీ ఆ ఒక్కరే. ఆయనకో ఆమెకో విసుగొస్తే జట్టు మొత్తం మాయం. కొత్త జట్టుని తేవడం కన్నా ఆ ఒక్కరికి విసుగు రాకుండా చూడటం తేలిక, చవక. ఫీజు జట్టు మొత్తానికి కాకుండా ఎవరికి వారే ఆన్‌లైన్‌లో కట్టే ఏర్పాటు చేశాం. దాంతో కెప్టెన్లకి సగం టెన్షన్ తగ్గింది. మనిషి తక్కువైన రోజు పిలిచేందుకు, ఏ జట్టులోనూ లేనివాళ్ళ జాబితా ఒకటి క్లబ్బే నడుపుతోంది. మనవాళ్ళు చాలామంది ఆ జాబితాలోంచే ఆటలోకి వచ్చారు.

రెండో ఏడాది నుంచి పిల్లలు. ఇక్కడ కొంచెం తగాదా పడ్డాం. జూనియర్ పోటీ పెట్టి మంచి ఆటగాళ్ళని తయారుచేసి స్టేట్ స్థాయి టోర్నమెంట్లకి పంపాలని కొందరన్నారు. పంపొచ్చు, కానీ ఆ పదిమంది పిల్లల మీదే కోచ్‌లు, డబ్బు, శనివారాలు అన్నీ పోతే మిగతావాళ్ళు ఓజ్‌ట్యాగ్‌కో (ముట్టుకునే బదులు నడుముకి తగిలించిన పట్టీ లాగే ఆట) క్రికెట్‌కో వెళ్ళిపోతారు. నా వాదన ఒక్కటే. పద్నాలుగేళ్ళు వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ రెఫరీ కోర్సు చెప్పించాలి, చిన్నపిల్లల మ్యాచుల్లో విజిల్ ఇవ్వాలి, మ్యాచికింత అని చేతిలో పెట్టాలి. సొంత డబ్బు అంటే ఆ వయసులో ఎవరికి చేదు? కొత్త రెఫరీ మీద గీత పక్కనుంచి తండ్రులు అరవకుండా ఒక పెద్దాయన్ని తోడు నిలబెట్టడం మాత్రం తప్పనిసరి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది గానీ, మొదటి నెలలో ఏడ్చి ఇంటికి వెళ్ళిన పిల్ల మళ్ళీ విజిల్ పట్టదు. ఇప్పుడు మా బుధవారం మ్యాచుల్లో పెద్దవాళ్ళకి రెఫరీలుగా ఉన్నవాళ్ళలో మూడొంతులు అలా వచ్చిన పిల్లలే.

పిల్లలు వచ్చారంటే కాగితాలూ వస్తాయి. పిల్లలతో పనిచేసే పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతివాళ్ళకీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పిల్లలతో పనిచెయ్యడానికి ప్రభుత్వం పాత రికార్డు చూసి ఇచ్చే అనుమతి, ఉండాలి. వాలంటీర్లకి అది ఉచితం, అయిదేళ్ళు చెల్లుతుంది. ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో రాసుకునే పుస్తకం నా దగ్గరే ఉంది. నల్ల అట్టదే కొన్నాను.

డబ్బు విషయంలో మాకు బుద్ధి చెప్పింది వాన. 2022లో సిడ్నీలో పడ్డ వాన 1950 నాటి రికార్డుని అక్టోబరు మొదట్లోనే దాటేసింది. మైదానాలు కౌన్సిల్‌వి, నేల తడిగా ఉంటే గేటుకి 'మూసివేశాం' అని బోర్డు పెట్టేస్తారు, ఇక అడిగేదేమీ లేదు. వారాల తరబడి ఆట లేదు. ఫీజు వెనక్కి ఇవ్వమని జట్లు అడిగాయి, అడగడం న్యాయమే. అంతకు రెండేళ్ళ ముందు కోవిడ్ దెబ్బ ఉండనే ఉంది. అందుకని ఒక సీజన్ మైదానం అద్దె, ఇన్సూరెన్సు, వాపసు ఫీజులు తట్టుకునేంత సొమ్ము బ్యాంకులో ముట్టకుండా ఉంచాలని తీర్మానం చేశాం. కొత్త జెర్సీలు కావాలన్నవాళ్ళకి అది నచ్చలేదు. జెర్సీలు పాతవే ఉన్నాయి.

లైట్ల సంగతి ఇంకా తేలలేదు. వేసవిలో ఇబ్బంది లేదు. అక్టోబరు మొదటి ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, డిసెంబరులో ఎనిమిది దాకా వెలుతురే, చివరి విడతకి మాత్రం లైట్లు వేస్తే సరిపోతుంది. అయితే వేసవిలో క్రికెట్ వాళ్ళు ఉంటారు, మైదానం నడిమధ్య కాంక్రీటు పిచ్ ఉంటుంది, దాని మీదుగా టచ్ ఆడనివ్వలేం. చలికాలంలో క్రికెట్ పోతుంది గానీ రగ్బీ లీగ్, సాకర్ వస్తాయి, ఆరుకల్లా చీకటి. మాకు మిగిలే మూల మైదానానికి లైట్లు లేవు. కౌన్సిల్‌కి అర్జీ పెట్టాం, సర్వేకి మనుషులొచ్చి స్తంభాలు ఎక్కడ పాతాలో రంగు గుర్తులు కూడా వేసి వెళ్ళారు. ఆ గుర్తులు ఈపాటికి గడ్డిలో కలిసిపోయాయి. నాలుగో ఏడాదికని రాసుకున్న ఈ పనిని అయిదో ఏడాదికి జరిపాం. ఈలోగా చలికాలం పోటీని ఆదివారం మధ్యాహ్నానికి మార్చాం. మగవాళ్ళ జట్లు తగ్గాయి, మిక్స్‌డ్ జట్లూ పిల్లలూ పెరిగారు. ప్రెసిడెంటు అడిగిన రెట్టింపు అంకె ఇంకా చాలా దూరంలోనే ఉంది, ఆయన ఇప్పుడు దాని గురించి అడగడం మానేశాడు.

వచ్చే ఏజీఎంలో, అంటే క్లబ్బు వార్షిక సమావేశంలో, నేను సెక్రటరీ పదవి వదిలేస్తున్నాను. నా పక్కన రెండేళ్ళుగా నేర్చుకుంటున్న ఆమె నిలబడుతోంది, పోటీగా ఇంకొకరు కూడా పేరు ఇచ్చారు. సెక్రటరీ పోస్టుకి ఓటింగ్ జరగడం మా క్లబ్బులో నేనెప్పుడూ చూడలేదు. సిడ్నీలో ఉన్న మన బడివాళ్ళు ఎవరైనా ఉంటే సంఘం ద్వారా కబురు పెట్టండి. ఆడటం రాకపోయినా ఫరవాలేదు, రెఫరీ కోర్సుకి ఎప్పుడూ చోటుంటుంది. బూట్లు మీవే తెచ్చుకోవాలి, మరలు బిగించే స్టడ్లు ఉన్నవి మాత్రం పనికిరావు.