మేకను మింగిన కొండచిలువను కక్కించకండి

మా పర్లాకిమిడి చుట్టుపక్కల పల్లెల్లో కొండచిలువ కనపడటం పెద్ద వింతేమీ కాదు. ఒకవైపు మహేంద్రగిరి కొండలు, ఇంకోవైపు మహేంద్రతనయ ఏరు, మధ్యలో జీడితోటలు, వరి మళ్ళు, చెరువులు. దానికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. చలికాలంలో గట్ల మీద ఎండ కాగుతూ ఉంటుంది, ఎండలు ముదిరితే నీళ్ళ పక్కకి చేరుతుంది. అది కనపడ్డాక మనవాళ్ళు చేసే హడావుడి చూస్తేనే నాకు బాధ.

పోయిన చలికాలం మా చిన్నాన్న వాళ్ళ ఊళ్ళో జీడితోటలో ఒకటి మేకపిల్లను మింగి కదల్లేక పడి ఉంది. నేను వెళ్ళేసరికి సగం ఊరు అక్కడే ఉంది, అందరి చేతుల్లో ఫోన్లు, ఒకడు కర్రతో పొడుస్తున్నాడు, ఇంకొకడు తోక పట్టుకుని వీడియోకి నవ్వుతున్నాడు. పొట్ట దగ్గర చర్మం ఎంతలా సాగిపోయిందంటే పొలుసుకీ పొలుసుకీ మధ్య లోపలి తెలుపు కనపడుతోంది. గట్టిగా బుస కొడుతోంది, కానీ ఆ బరువుతో ఎక్కడికి పోతుంది? పక్కన నిలబడ్డ సవర పెద్దాయన ఒకరు "వదిలేయండి బాబూ, కక్కేస్తాది" అని రెండు మూడుసార్లు అన్నాడు. ఎవరూ వినలేదు. కాసేపటికి నోరు తెరిచింది, ముందు వెనక కాళ్ళు వచ్చాయి, తర్వాత జిగురుతో బొచ్చంతా ఒంటికి అతుక్కుపోయిన మేకపిల్ల, చివరికి తల. మింగేటప్పుడు తల వైపు నుంచి మింగుతుంది కాబట్టి బయటికి ఇలా వెనక నుంచి వస్తుంది. పొట్ట ఖాళీ అయ్యాక అది పొదల్లోకి జారుకుంది. మేక పోయిన అత్త ఏడుస్తూనే ఉంది, ఆ మేకపిల్ల ఎవరికీ పనికిరాలేదు. ఆవిడ నష్టం చిన్నది కాదు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ పొడిచిన వాళ్ళలో ఆవిడ లేదు.

అది కక్కేది మన మీద కోపంతో కాదు. పారిపోవాలంటే బరువు దించుకోవాలి, అంతే. ఆ ఒక్క తిండి దానికి ఎంత విలువైనదో బోనులో ఉన్న పాముల వల్లే మనకి తెలిసింది. బర్మా కొండచిలువల మీద 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, పెద్ద భోజనం పెట్టిన రెండు రోజుల్లోనే వాటి గుండె కండరం దాదాపు 40 శాతం పెరిగిందని తేలింది. పేగులు, కాలేయం కూడా పెరుగుతాయి, అరుగుదల అయిపోయాక మళ్ళీ మామూలు సైజుకి వస్తాయి. అంటే మేక లోపలికి వెళ్ళగానే ఒళ్ళంతా పనిలో దిగిపోతుందన్నమాట. పెద్ద తిండి దొరికితే వారాలు, ఒక్కోసారి నెలలు దాంతోనే గడిపేస్తుంది. మన రీల్ కోసం దాన్ని కక్కిస్తే ఆ శక్తంతా వృథా. ఆకలేసి మళ్ళీ ఎవరి కోళ్ళగూటి వైపో వస్తుంది, అప్పుడు నష్టపోయేది ఇంకో ఇల్లు.

గుడ్ల సంగతీ అలాంటిదే. ఎండాకాలంలో ఆడది గుడ్లు పెట్టి వాటి చుట్టూ చుట్టలు వేసుకుని పిల్లలు బయటికొచ్చే వరకు కూర్చుంటుంది, దాదాపు రెండు నెలలు. చల్లబడితే కండరాలు బిగించి వదులుతూ, వణుకుతూ వేడి పుట్టించుకుంటుంది. దీన్ని 1966లో న్యూయార్క్ జూలో ఒక బర్మా కొండచిలువ మీద కొలిచి చూపించారు. ఇది చదివాక బోనులో పాము కనపడితే నా చూపే మారిపోయింది. విశాఖ జూలోనో నందన్‌కానన్‌లోనో పిల్లలు అద్దం మీద టకటకా కొట్టి "కదలట్లేదు నాన్నా" అని విసుక్కుంటారు. కదలకుండా ఉన్నప్పుడే బాగా చూడొచ్చు. పెదవుల అంచున వరసగా ఉన్న గుంటలు చూడండి, వెచ్చటి జంతువు దగ్గరికొస్తే చీకట్లోనైనా వాటితోనే పసిగడుతుంది. తోక మొదట్లో రెండు పక్కలా చిన్న గోళ్ళలాంటివి ఉంటాయి, ఒకప్పటి వెనక కాళ్ళలో మిగిలినవి. కళ్ళు పాలు కలిపినట్టు నీలంగా మసకబారి ఉంటే కుబుసం విడిచే రోజులు దగ్గరపడ్డాయని, అప్పుడు తిండి ముట్టదు, చూపు సరిగ్గా ఆనదు కాబట్టి చిరాగ్గా ఉంటుంది. తిన్న తర్వాత ఒకట్రెండు రోజులు దాన్ని చేత్తో ముట్టుకోకూడదని పెంచేవాళ్ళందరికీ తెలుసు. బోనులో పాముకి ఇచ్చే ఆ మర్యాద తోటలో పాముకి ఎందుకు ఇవ్వం?

ఇంట్లో పెంచుకుంటానని అడిగే కుర్రాళ్ళకి మాత్రం గట్టిగా చెప్పాలి. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టినా, పెంచినా, అమ్మినా కేసే. 2022 సవరణ తర్వాత కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు, పైన కనీసం 25,000 రూపాయల జరిమానా. నగరాల్లో కొందరు పెంచే బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకి 2024 నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. జాతరల్లో మెడలో వేసి డబ్బులు అడిగే పాములని చూశాను. నోరు తెరవకుండా చేసి, తిండి పెట్టక, నీరసించిపోయి ఉంటాయి. దయచేసి ఆ ఫోటో తీయించుకోకండి.

దానికి విషం లేదు. కానీ పళ్ళు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి కరిచినప్పుడు చెయ్యి లాక్కుంటే కండ చీలిపోతుంది. పెద్దదైతే చుట్టేస్తుంది, ఒక్కరే పట్టుకోబోవడం పిచ్చిపని. అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా జనాన్ని వెనక్కి నెట్టండి, అదే పెద్ద సాయం. పట్టిన వాళ్ళు కూడా ఎక్కడో దూరాన వదిలితే లాభం లేదు. ఫ్లోరిడాలో కొండచిలువల్ని ఇరవై కిలోమీటర్లకు పైగా తీసుకెళ్ళి వదిలితే చాలామటుకు పాత చోటు వైపే వెనక్కి వచ్చాయి.

మా వైపు ఇంకో పెద్ద బాధ నైలాన్ వల. కూరగాయల మడి చుట్టూ, చేపల చెరువు చుట్టూ కట్టి, పంట అయిపోయినా అలాగే వదిలేస్తారు. కొండచిలువ తల దూరుతుంది, ఒళ్ళు దూరదు, వెనక్కి రాబోతే పొలుసులకి దారం తగులుకుంటుంది. గింజుకున్న కొద్దీ దారం చర్మంలోకి కోసుకుపోతుంది. వానాకాలంలో అలా చిక్కుకున్న దాన్ని అటవీ శాఖ సిబ్బంది విడిపించారు. ఒకాయన తల పట్టుకుంటే ఇంకొకాయన గోళ్ళు తీసే కత్తెరతో ఒక్కో దారం కత్తిరించాడు, చివరికి మెడ చుట్టూ ఎర్రటి గాడి మిగిలింది. మడిలో పంట లేనప్పుడు వల చుట్టి లోపల పెట్టుకుంటే ఇది జరిగేదే కాదు. చిన్నాన్న ఈసారి వంకాయలు అయిపోగానే తీసి అటకెక్కించాడు. పక్క పొలం వాళ్ళది ఇంకా గట్టు మీదే ఉంది, ఈ ఆదివారం వెళ్ళి అడుగుతాను.