సారు నేర్పిన వైరు లెక్క

మన కావలి స్కూలు సంచికకి ఏదో ఒకటి రాయమనంగానే నాకు సైన్సు సారే గుర్తొచ్చారు. ఆయన లైసెన్సున్న హామ్, అంటే సరదాకి సొంత వైర్‌లెస్ సెట్టుతో దూరాన ఉన్నోళ్లతో మాట్లాడే మనిషి. సెట్టు కొనేదానికి డబ్బులు కావాల గానీ యాంటెన్నా మాత్రం మన చేత్తో మనమే చేసుకోవాల అనేవారు.

7 మెగాహెర్ట్జ్ బ్యాండుకి డైపోల్, అంటే మధ్య నుంచి అటొక వైరు ఇటొక వైరు సాగే యాంటెన్నా, ఆయన దగ్గరే నేర్చుకున్నాం. 143ని మెగాహెర్ట్జ్‌లో ఉన్న ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది, 7.1కి అయితే 20 మీటర్ల పైచిల్లర, అంటే అటు పది ఇటు పది. కరెంటు షాపులో రెండు పోగుల ఫ్లెక్సిబుల్ వైరు పదిన్నర మీటర్లు కొని నిలువునా చీలిస్తే రెండు వైపులకీ సరిపోయేది, మధ్యలో పీవీసీ పైపు ముక్క, చివర్లకి నైలాన్ తాడు, అంతే. "ముందు పొడుగ్గానే ఉంచండిరా అబ్బయా, తర్వాత కత్తిరించుకోవచ్చు, అతికించలేం" అని, మీటరు పెట్టి ఎస్‌డబ్ల్యూఆర్, అంటే పంపిన శక్తి యాంటెన్నా నుంచి ఎంత వెనక్కొస్తందో చెప్పే లెక్క, అది తగ్గేదాకా చూసుకుంటా రెండు చివర్లా సమానంగా కొంచెం కొంచెం కత్తిరించేవారు.

1989 నవంబరు తుపాను, థాయ్‌లాండ్ వైపు నుంచి సముద్రం దాటుకుని వచ్చి మన కావలి దగ్గరే తీరం దాటిందే, అప్పుడు కరెంటు స్తంభాలూ ఫోన్ తీగలూ నేలకొరిగినాక సారు ఆ వైరునే రెండు వేపచెట్ల మధ్య, మనిషి చెయ్యెత్తితే అందేదానికన్నా కాస్త పైన కట్టి, లారీ బ్యాటరీ మీద సెట్టు నడిపారు. అంత కిందకి కడితే మాట ఏం దూరం పోతుంది సార్ అని అడిగాం. కిందకి కడితే తరంగం నిట్టనిలువుగా పైకెళ్లి అయనోస్ఫియర్‌కి, అంటే ఆకాశంలో పైనెక్కడో రేడియో తరంగాల్ని వెనక్కి తిప్పే పొరకి, తగిలి చుట్టుపక్కల మూడు నాలుగొందల కిలోమీటర్లలో దిగుతుంది, మనకిప్పుడు కావాల్సింది మద్రాసూ హైదరాబాదేగానీ అమెరికా కాదుగదా అన్నారు. ఆ మాటతోనే నేను ఇందులో పడిపోయా.

ఇప్పుడు నాకూ లైసెన్సుంది. నా సంచీలో ఎప్పుడూ ఉండేది 2 మీటర్ల బ్యాండు (తరంగం పొడవు రెండు మీటర్లుండే బ్యాండు) జె-పోల్, నిలువుగా వేలాడదీసే యాంటెన్నా. దూరదర్శన్ రోజుల్లో మిద్దె మీద యాంటెన్నా నుంచి టీవీకి దిగే చదును వైరు ఉండేదిగదా, 300 ఓమ్స్‌ది, దాంతోనే చేస్తా. నాలుగున్నర అడుగులు తీసుకుని, కింద రెండు తీగలూ కలిపి టంకం పెట్టి, అక్కణ్ణుంచి సుమారు 43 సెంటీమీటర్ల పైన ఒక తీగని అర సెంటీమీటరు తెంపాల. కింద టంకానికి 3 సెంటీమీటర్ల పైన కోయాక్స్, అంటే లోపల ఒక తీగా దాని చుట్టూ తీగల అల్లికా ఉండే కేబుల్, కలపాల, లోపలి తీగ తెగని వైపుకి, అల్లిక తెగిన వైపుకి. ఆ చోటు కాస్త కిందకీ పైకీ జరిపితే ఎస్‌డబ్ల్యూఆర్ దిగుతుంది. చుట్టచుట్టి జేబులో పెట్టుకోవచ్చు, ఇనుప గ్రిల్లుకి ఆనకుండా కొమ్మకి వేలాడదీస్తే హ్యాండ్‌సెట్ మీదుండే పొట్టి రబ్బరు యాంటెన్నా దీని ముందు నిలవదు.

తుపాన్లు మనకి ప్రతి ఏడూ భయమే, టవర్లు పడితే సెల్‌ఫోన్ వట్టి డబ్బా. అందుకే ఇప్పుడు చదివే పిల్లలు ఇది నేర్చుకోవాలని నా కోరిక. మాట్లాడాలంటే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోవాల, వినేదానికీ చేసేదానికీ ఈలోపే మొదలుపెట్టొచ్చు. రీయూనియన్‌కి వచ్చేటప్పుడు చదును వైరు చుట్ట, కోయాక్స్, టంకం సామాను, మీటరు తెస్తా. హెడ్మాస్టర్ గారు ల్యాబు తాళం ఇప్పిస్తే పొద్దున్నే కూర్చుందాం, తొమ్మిదో తరగతి పిల్లల్ని పంపించండి.