టీడీఎస్ పెన్ను చెప్పని సంగతి

హైదరాబాద్ శివారు పటాన్‌చెరు, బొల్లారం, కిష్టారెడ్డిపేట వైపు ప్లాటు చూడటానికి వచ్చేవాళ్ళు ఈమధ్య జేబులో టీడీఎస్ పెన్ను పెట్టుకుని వస్తున్నారు. బోరు నీళ్ళలో ముంచి, అంకె ఐదొందల లోపు ఉంటే చాలు, అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు. మొన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నాలుగొందలే చూపిస్తోంది. మాట్లాడేసుకోనా?" అని.

ఆగమన్నాను. నేను ఒక మందుల కంపెనీ ఈటీపీలో, అంటే వ్యర్థజలాలను శుద్ధి చేసే విభాగంలో, కెమిస్టుని. పుట్టి పెరిగింది, ఇక్కడి కంపెనీల వ్యర్థజలాలు చేరిన నక్కవాగు పక్క ఊళ్ళో. వాడికి చెప్పిందే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ఆ పెన్ను నీళ్ళు కరెంటును ఎంత మోస్తున్నాయో చూసి, అందులో కరిగిన ఉప్పులను అంచనా కడుతుంది, అదీ లీటరుకు మిల్లీగ్రాముల లెక్కలో. తాగే నీళ్ళలో ఆర్సెనిక్ అనే విషం లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. వెయ్యి మైక్రోగ్రాములైతే ఒక మిల్లీగ్రాము. అంటే ఆర్సెనిక్ పరిమితికి ఐదు రెట్లు ఉన్నా పెన్ను మీద అంకె కదలదు. మందుల తయారీలో వాడే సాల్వెంట్లయితే (కరిగించే ద్రవాలు) చాలావరకు కరెంటును మోయవు కాబట్టి దానికి కనబడనే కనబడవు. యాంటీబయాటిక్ అవశేషాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ ప్రాంతం నీళ్ళలో ఆర్సెనిక్ ఉందని శాస్త్రవేత్తలు ఎప్పుడో పరీక్షించి చెప్పారు. పటాన్‌చెరులో చాలా కంపెనీల వ్యర్థజలాలను కలిపి శుద్ధి చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికి వచ్చే నీళ్ళను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. జ్వరానికి ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. రోజుకు సుమారు 45 కిలోల మందు అలా పోతోందని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేది అంతేనని వాళ్ళు లెక్క కట్టారు. ఆ తర్వాత ఇక్కడి చెరువుల్లో, ఊళ్ళ బావుల్లో కూడా మందుల జాడలు దొరికాయి. అలాంటి నీళ్ళలో బతకడం నేర్చుకున్న సూక్ష్మజీవులకు రేపు ఆస్పత్రిలో ఏ మందు పనిచేస్తుంది? 2020లో కేంద్రం మందుల కంపెనీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెడతానని ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఇది.

మా ఊరివాళ్ళకు ఈ అంకెలేవీ తెలియకముందే సంగతి అర్థమైంది. వాగు నీళ్ళు పారించిన మడిలో వడ్లు తాలు పోయేవి. చూడి బర్రెలు ఈసుకుపోయేవి. వాగు దాటి వస్తే కాళ్ళకు దురద, పొక్కులు. పటాన్‌చెరులో డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారు ఒకపక్క వైద్యం చేస్తూనే, ఈ జబ్బులకు మూలం వాగులో ఉందని ఏళ్ళ తరబడి పోరాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రైతులకు నష్టపరిహారం, ఊళ్ళకు మంచినీళ్ళు ఆ పోరాటం వల్లే వచ్చాయి.

ఇక శుద్ధి విషయం. ఉమ్మడి కేంద్రం నీళ్ళను పద్ధెనిమిది కిలోమీటర్ల పైపులైన్ వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్ళించారు. నక్కవాగుకు కొంత ఊపిరి ఆడింది నిజమే, బరువు మాత్రం మూసీ మీద పడింది. తర్వాత కంపెనీల్లో చుక్క కూడా బయటికి వదలకూడదన్న పద్ధతి వచ్చింది. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలాన్ని ఆవిరి చేసి, నీళ్ళను మళ్ళీ వాడుకుని, మిగిలిన ఉప్పును దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. చేస్తే బాగా పనిచేసే పద్ధతే, రోజూ చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. కానీ ఆవిరికి బాయిలరు రాత్రింబవళ్ళు నడవాలి, ఖర్చు గట్టిగా అవుతుంది. జోరుగా వాన పడే రాత్రి ట్యాంకరు తెచ్చి ఏ ఒర్రెలోనో వదిలేస్తే ఖర్చే లేదు. అందుకే వానాకాలం వస్తే ఇక్కడి చెరువుల్లో చేపలు తేలతాయి. 2017లో గండిగూడెం చెరువులో గుట్టలుగా చచ్చి ఒడ్డుకు చేరాయి.

ఒకవేళ అందరూ ఇవాళే బుద్ధిగా మారినా, అడుగున ఉన్నది అడుగునే ఉంటుంది. ఎండాకాలం కుంట అంచున కర్రతో గుచ్చి చూస్తే పైన రెండు వేళ్ళ మందం మామూలు ఒండ్రు, దాని కింద తారులా నల్లటి బురద, కర్ర తీయగానే బుడగలు, కుళ్ళిన గుడ్ల వాసన. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఆ బురదను పట్టుకుని ఉంటాయి. పైన నీళ్ళు తేటపడ్డాయని కుంట బాగుపడిందనుకుంటే పొరపాటు. ఆ బురద తీసి, ఆరబెట్టి, సున్నం లాంటివి కలిపి గట్టిపరిచి, కింద ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలో పూడ్చాలి. పక్కన గట్టు మీద పోస్తే మొదటి వానకే మళ్ళీ కుంటలోకి వస్తుంది. భూగర్భజలం ఇంకా కష్టం. మనది రాతినేల, నీళ్ళు పగుళ్ళ వెంట పోతాయి. ఒక బోరు బాగుంటే యాభై గజాల అవతలి బోరు చెడిపోయి ఉండొచ్చు. పక్కింటివాళ్ళ రిపోర్టు మీ బోరుకు పనికిరాదు.

మా తమ్ముడికి చెప్పింది ఇదీ: బోరు కాసేపు ఆడనిచ్చి, ల్యాబువాళ్ళు ఇచ్చిన సీసాల్లోనే నీళ్ళు పట్టు. లోహాలకు ప్లాస్టిక్ సీసా, అందులో వాళ్ళు నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి ఇస్తారు, కడిగేయకు. సాల్వెంట్లకు గోధుమరంగు గాజు సీసా, గాలి బుడగ లేకుండా నిండా నింపి మూత బిగించు. ఐసు పెట్టి అదే రోజు ఇచ్చెయ్. ఆర్సెనిక్, సీసం, సాల్వెంట్లు పేరుపేరునా అడుగు, "జనరల్ వాటర్ టెస్ట్" అంటే అవేవీ చూడకపోవచ్చు.

వాడు బాగాలేదంటే ఇంకోచోట కొనుక్కుంటాడు. వాగు పక్కనే పుట్టి, ఎక్కడికీ పోలేనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకు ఇంటింటికీ వైద్య పరీక్షలు జరగాలి. మూత్రంలో ఆర్సెనిక్ ఈమధ్య తాగినదాన్ని చెబుతుంది, వెంట్రుకలు, గోళ్ళు నెలల నాటి సంగతి చెబుతాయి. పిల్లలతో, కడుపుతో ఉన్న ఆడవాళ్ళతో మొదలుపెట్టి, ప్రతి రెండేళ్ళకూ చేసి, ఆ ఫలితాలు పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించమని మా ఊరివాళ్ళం అర్జీ రాస్తున్నాం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎవరైనా సంతకం పెడతానంటే అర్జీ కాపీ పంపిస్తాను.