డెవలప్‌మెంట్‌లో ఉంది, ప్రొడక్షన్‌లో లేదు

వరంగల్ దగ్గరి ఒక జిన్నింగ్ మిల్లుకు శాప్ (కంపెనీ పనులు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) సపోర్ట్ చేస్తాను. అందులో మార్పులను డెవలప్‌మెంట్‌లో రాసి, క్వాలిటీలో పరీక్షించి, అసలు పని నడిచే ప్రొడక్షన్‌కు పంపుతాం. పత్తి బండి కాంటా ఎక్కాక తూకం, తేమ శాతం కొట్టి సేవ్ చేస్తే కోత పోను ఎంత కట్టాలో చూపించే జెడ్ స్క్రీన్ (మిల్లు కోసం ప్రత్యేకంగా రాసింది) ఒకటుంది. ఆదివారం రాత్రి దానికో మార్పు ప్రొడక్షన్‌కు పోయింది. సోమవారం మొదటి బండికే డంప్ కొట్టింది, అంటే ప్రోగ్రామ్ మధ్యలో ఆగి ఎర్రర్ రిపోర్ట్ పడింది. క్వాలిటీలో మాత్రం అదే కోడ్ శుభ్రంగా నడుస్తోంది.

డంప్‌లు చూసే ఎస్టీ22లో ఎర్రర్ పేరు ‘కాల్ ఫంక్షన్ నాట్ ఫౌండ్’. స్క్రీన్‌షాట్ తీసి డెవలపర్‌కు పంపేసి కూర్చుంటే పని కాదు. డంప్ ఎంత పొడుగున్నా కావాల్సినవి రెండే: దొరకని ఫంక్షన్ మాడ్యూల్ (వేరే ప్రోగ్రామ్‌లు పిలిచి వాడుకునే కోడ్ ముక్క) పేరు, సోర్స్ కోడ్‌లో బాణం గుర్తులు పడ్డ లైను. పేరును కాపీ చేసుకోవాలి. చేత్తో కొడితే ఒక అండర్‌స్కోర్ తప్పి గంట పోతుంది.

మాడ్యూళ్లు తెరిచే ఎస్ఈ37లో చూశాను, ప్రొడక్షన్‌లో ఆ మాడ్యూల్ నిజంగానే లేదు. దీనికోసం ఆబ్జెక్టుల జాబితా ఉండే టాడిర్ టేబుల్‌లో వెతికి ‘ఎక్కడా లేదు’ అనుకునేవాళ్లున్నారు. టాడిర్‌లో మాడ్యూళ్లను కలిపి ఉంచే ఫంక్షన్ గ్రూప్ పేరే ఉంటుంది, లోపలి మాడ్యూళ్ల పేర్లుండవు. అవి టీఎఫ్‌డిఐఆర్‌లో ఉంటాయి.

మరి ఆదివారం ఇంపోర్ట్ లాగ్ రిటర్న్ కోడ్ 0 (తప్పేమీ లేదని) ఎందుకు చూపించింది? కాల్ ఫంక్షన్ తర్వాత కోట్స్‌లో రాసే పేరు శాప్ భాష అబాప్‌కు ఒట్టి అక్షరాల వరస. ఆ మాడ్యూల్ ఉందా లేదా అన్నది లైను నడిచేటప్పుడే తెలుస్తుంది, మామూలు సింటాక్స్ చెక్ పట్టదు. ఎక్స్‌టెండెడ్ చెక్ పడుతుంది గానీ రోజూ దాన్ని నడిపేదెవరు? పోయింది డేటా ఎలిమెంటో స్ట్రక్చరో అయితే ఇంపోర్ట్‌లోనే ఎర్రర్ కోడ్ 8 వచ్చి రాత్రే దొరికిపోయేది.

తర్వాత డెవలప్‌మెంట్‌లో ఎస్ఈ16 తెరిచి ఏ ఆబ్జెక్ట్ ఏ టీఆర్‌లో (మార్పులను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మోసే ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్) ఉందో చూపించే ఈ071 టేబుల్‌లో మాడ్యూల్ పేరు వేశాను. ఒక్కోసారి గ్రూప్ మొత్తం ఒకే ఎంట్రీగా పోతుంది కాబట్టి గ్రూప్ పేరుతో కూడా వెతకాలి. రెంటితోనూ ఏమీ రాకపోతే ప్యాకేజీ $టీఎంపీ, అంటే లోకల్, అయ్యుండొచ్చు. లోకల్ ఆబ్జెక్ట్ డెవలప్‌మెంట్ దాటదు. ఎస్ఈ03లో జెడ్ ప్యాకేజీకి మార్చి రిక్వెస్ట్‌లో పెట్టాలి. అయితే అలాంటిది క్వాలిటీలోనే పేలుతుంది. మాది క్వాలిటీలో నడిచింది కనుక ఆ అనుమానం ముందే తీసేశాను.

మాడ్యూల్ మూడు వారాల కిందటి టీఆర్‌లో దొరికింది. టీఆర్‌లను ఇంపోర్ట్ చేసే ఎస్‌టీఎంఎస్‌లో ప్రొడక్షన్ క్యూ తెరిస్తే అది ఇంకా వరసలోనే ఉంది. ఆదివారం ‘ఫైనల్’ అని రాసి ఉన్న టీఆర్ ఒక్కటే ఇంపోర్ట్ చేశారు. టీఆర్ వివరణలో ఫైనల్ అని రాయడం మానెయ్యాలి, నా మాట.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ. గేటు బయట బండ్లు ఆగి ఉంటే మిగిలిన టీఆర్‌ను వెంటనే తోసెయ్యాలనిపిస్తుంది. తొయ్యొద్దు. ముందు ఈ071లో ఆ టీఆర్ నంబర్ వేసి లోపల ఇంకేమున్నాయో చూడాలి. మా పాత టీఆర్‌లో ఫంక్షన్‌తో పాటు స్క్రీన్ ప్రోగ్రామ్ కూడా ఉంది. టీఆర్ రిలీజైన రోజు కోడ్ ఎలా ఉందో అదే డేటా ఫైల్‌లో ఉంటుంది. కొత్తది పోయాక పాతది ఇంపోర్ట్ చేస్తే ప్రోగ్రామ్ మూడు వారాలు వెనక్కి పోతుంది. డంప్ ఆగిపోతుంది, కోత లెక్క మాత్రం పాతదే వస్తుంది. ఎర్రర్ ఉండదు కాబట్టి రైతుకు డబ్బు తేడా వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

అందుకని కాంటా దగ్గర కాసేపు చీటీల మీద రాయమని చెప్పి, పాతది ఇంపోర్ట్ చేశాను. కొత్తదాన్ని ఎక్స్‌ట్రాస్, అదర్ రిక్వెస్ట్స్, యాడ్ ద్వారా మళ్లీ క్యూలో చేర్చి, మళ్లీ ఇంపోర్ట్ చేసే ఆప్షన్ టిక్ పెట్టి పంపాను. తర్వాత ఎస్ఈ38 వెర్షన్ మేనేజ్‌మెంట్‌లో డెవలప్‌మెంట్, ప్రొడక్షన్ కోడ్ రిమోట్ కంపేర్ చేస్తే ఒక్క లైను తేడా లేదు.

అయినా ఒక కాంటా దగ్గర డంప్ వస్తూనే ఉంది. పొద్దున తెరిచిన సెషన్‌నే వాడుతున్నారు. లాగాఫ్ చేసి మళ్లీ లోపలికి రమ్మంటే సరిపోయింది. ఇలాంటప్పుడు పట్టపగలు ప్రొడక్షన్‌లో $సింక్ కొట్టి బఫర్లన్నీ (వేగం కోసం మెమరీలో ఉంచుకున్నవి) ఖాళీ చేస్తే అందరికీ సిస్టమ్ నెమ్మదిస్తుంది, దాని జోలికి పోలేదు.