ముకోనోలో ఒక ఆదివారం

ఉగాండా రాజధాని కంపాలాలో ఉద్యోగానికొచ్చిన ఇన్నాళ్లకు దగ్గర్లోని ముకోనో పట్టణానికి వెళ్లాను. 1913లో బిషప్ టక్కర్ క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది అక్కడే. 1997లో అదే ఉగాండా క్రిస్టియన్ యూనివర్సిటీ అయింది. పాత ఇటుకల భవనం ముందు చాలాసేపు నిలబడిపోయాను.

1877లో ఉగాండాకు వచ్చిన మిషనరీలు కొద్దిమందే. పల్లెపల్లెకూ సువార్త మోసింది స్థానిక క్రైస్తవ బోధకులే, అంటే ఉపదేశులే. వాళ్లలో అపోలో కివెబులాయా అంటే నాకు ప్రాణం. 1896లో కొండలు దాటి కాంగో వైపున్న బోగాకు వెళ్లాడు. దెబ్బలు తిన్నాడు, జైలుకెళ్లాడు, మళ్లీ అక్కడికే తిరిగొచ్చాడు. 1933లో చనిపోయే ముందు, తన తల పడమట అడవి వైపు ఉండేలా పాతిపెట్టమన్నాడట, సువార్త ఇంకా వెళ్లాల్సిన దిక్కుకి.

మా తాతయ్య కూడా ఉపదేశే. గుంటూరు పల్లెల్లో సైకిల్ మీద తిరిగేవాడు. ఆ పాత భవనం మెట్ల మీద కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను.